సైలెన్సర్ సంగతి తర్వాత, ముందు స్ప్రింగు చూడు

ప్రశ్న: అన్నా, ఎనిమిది నెలల క్రితం టూరింగ్ బండి కొన్నాను. దూరాలు తిరగాలని ఎన్నో ఏళ్ల కోరిక. ఇప్పటికి మూడు పెద్ద రైడ్లు చేశాను, రెండింట్లో మా ఆవిడ కూడా వెనక కూర్చుంది. 250 కిలోమీటర్లు దాటగానే నాకు కూర్చున్న చోట మంటెత్తుతుంది, కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, హెల్మెట్‌లో గాలి హోరుకి తల దిమ్మెక్కిపోతుంది. ఇద్దరం కూర్చుంటే గుంతల్లో బండి వెనక భాగం దబ్బున కొడుతోంది. మార్పించాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నా: సైలెన్సర్, అల్యూమినియం పెట్టెల సెట్టు, ఎత్తు విండ్‌స్క్రీన్, స్పాట్ లైట్లు, హ్యాండిల్ రైజర్లు, క్రాష్ గార్డు, సెంటర్ స్టాండు, కొత్త సీటు, వెనక షాక్ అబ్జార్బర్. అన్నీ కలిపితే బండి ధరలో దాదాపు సగం. సైలెన్సర్ మీద ఇప్పుడు డిస్కౌంట్ నడుస్తోంది కాబట్టి దాంతో మొదలుపెడదామని ఉంది. బండి లోను ఇంకా తీరలేదు, ఈ లెక్క మా ఆవిడకి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది. ఏది కొనాలి, ఎక్కడ ఆగాలి? నేను 82 కిలోలు, తను 63.

జవాబు: తమ్ముడూ, నీ కాగితంలో తొమ్మిది వస్తువులున్నాయి, నీ ఉత్తరంలో నాలుగు బాధలున్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. సైలెన్సర్ ఆ నాలుగింట్లో ఒక్క బాధకీ మందు కాదు, అయినా మొదట దాన్నే కొందామనుకుంటున్నావు, ఎందుకంటే ధర తగ్గింది. కొత్త బండి వచ్చిన మొదటి ఏడాది అందరికీ ఇలాగే ఉంటుంది, నేనూ అలాగే కొన్నాను, కాబట్టి నిన్ను తప్పుపట్టను. కానీ ఆ మాట ముందు తేల్చేద్దాం. చివర ఉండే డబ్బా ఒక్కటీ మారిస్తే బండి బరువు రెండు మూడు కిలోలు తగ్గుతుంది, శబ్దం మారుతుంది, శక్తి విషయంలో నీకు తెలిసేంత తేడా రాదు. పైపు మొత్తం మార్చి పొగలో విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేస్తే చాలాచోట్ల అది చట్టవిరుద్ధం, ఇంజిన్ వారంటీ మీదా పేచీ వస్తుంది, ఇంధనం ఎంత పోయాలో చెప్పే కంప్యూటర్‌ని మళ్లీ సరిచేయించాలి, అది ఇంకో ఖర్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, హోరుకి తల దిమ్మెక్కుతోందని నువ్వే రాశావు. అలాంటివాడు రోజుకి ఎనిమిది గంటలు వినాల్సిన మోతని ఇంకా పెంచుకుంటాడా? డిస్కౌంట్ పోతే పోనీ.

ఇప్పుడు దబ్బున కొట్టే వెనక భాగం దగ్గరికి వద్దాం. నాలుగింట్లో ప్రమాదం ఉన్నది అదే, పైసా లేకుండా తగ్గే అవకాశం ఉన్నదీ అదే. నీ బండికి వెనక స్ప్రింగు బిగువు సరిచేసుకునే ఏర్పాటు ఉంటుంది, కొన్నిటికి చేత్తో తిప్పే నాబ్, కొన్నిటికి సీ ఆకారం పానాతో తిప్పే రింగు. దాన్ని ప్రీలోడ్ అంటారు. ఎనిమిది నెలల్లో దాన్ని ఎప్పుడైనా ముట్టుకున్నావా? నీ ఉత్తరం చదివితే ముట్టుకోలేదనే అనిపిస్తోంది.

ఒక ఆదివారం ఇద్దరు స్నేహితుల్ని పిలు. వెనక చక్రం నేల మీద నుంచి కాస్త లేచేలా వాళ్లు బండిని ఎత్తి పట్టుకుంటే, చక్రం ఇరుసు మధ్య నుంచి నిట్టనిలువుగా పైకి, సీటు కింద టేపు అంటించి పెట్టుకున్న ఒక గుర్తు దాకా కొలువు. తర్వాత జాకెట్, బూట్లు, హెల్మెట్ అన్నీ వేసుకుని నువ్వు ఎక్కి కూర్చుంటే మళ్లీ అక్కడి నుంచి అక్కడికే కొలవాలి. తర్వాత ఇద్దరూ కూర్చుని, మామూలుగా మోసే సామాను కూడా కట్టి మూడోసారి. మొదటి కొలతకీ మిగతావాటికీ తేడా ఎంతో అంత బండి కిందికి దిగినట్టు. మీరు ఎక్కాక ఆ దిగడం, చక్రం మొత్తం కదలికలో ఇంచుమించు మూడో వంతు దగ్గర ఉండాలి. కదలిక ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది, 150 మిల్లీమీటర్లయితే 45 నుంచి 50 దాకా అన్నమాట.

మా స్నేహితుడి బండికి అచ్చం నీ బాధే ఉండేది. కొత్త షాక్ అబ్జార్బర్‌కి అడ్వాన్స్ ఇవ్వబోతుంటే ఆపి కొలిచాం. ఇద్దరూ కూర్చుంటే 74 మిల్లీమీటర్లు దిగింది. నాబ్ చుట్టూ దుమ్ము గట్టకట్టి ఉంది, కొన్న రోజు నుంచి దాన్ని ఎవరూ కదిలించలేదు. గుడ్డతో తుడిచి, ఒక్కో క్లిక్కు లెక్కపెడుతూ పద్నాలుగు బిగిస్తే 55కి వచ్చింది. ఆ సాయంత్రమే మళ్లీ అదే గుంతల రోడ్డు మీద ఇద్దరూ వెళ్లి వచ్చారు, దబ్బుమనే చప్పుడు లేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే బయటపడింది. వెనక అంత కుంగితే ముందు భాగం లేస్తుంది కదా, హెడ్‌లైట్ రోడ్డుని వదిలేసి ఎదురొచ్చేవాళ్ల కళ్లలోకి కొడుతుంది. రాత్రి రోడ్డు సరిగ్గా కనపడటం లేదని అతను స్పాట్ లైట్లు కూడా కొందామనుకున్నాడు! వెనక భాగం లేచాక హెడ్‌లైట్ దానంతట అదే రోడ్డు మీదికి దిగింది. నువ్వు లైట్లు ఎందుకు రాసుకున్నావో ఉత్తరంలో చెప్పలేదు, కారణం ఇదేనేమో ముందు చూసుకో.

ప్రీలోడ్ పూర్తిగా బిగించినా ఇద్దరు కూర్చుంటే బండి బాగా దిగిపోతోందంటే స్ప్రింగు మీ బరువుకి చాలట్లేదని అర్థం. ప్రీలోడ్ బిగిస్తే బండి ఎత్తు మారుతుంది గానీ స్ప్రింగు గట్టిదనం మారదు, ఈ తేడా చాలామందికి తెలియదు. అప్పుడు కూడా షాక్ అబ్జార్బర్ మొత్తం మార్చాలని లేదు, చాలా బండ్లకి మీ బరువుకి తగిన స్ప్రింగు ఒక్కటే దొరుకుతుంది, మొత్తం యూనిట్ ధరతో పోలిస్తే అది చాలా తక్కువ. అదీ చాలకపోతే మాత్రం మంచి షాక్ అబ్జార్బర్ కొను, నీ కాగితంలో నేను మనస్ఫూర్తిగా ఒప్పుకునే పెద్ద ఖర్చు అదొక్కటే.

అల్యూమినియం పెట్టెల దగ్గర మాత్రం పట్టుబట్టి లెక్క వేయమంటాను. మాన్యువల్‌లో బండి బరువు ఒకటి, అన్నీ ఎక్కాక ఉండాల్సిన గరిష్ఠ బరువు ఒకటి రాసి ఉంటాయి. ఉదాహరణకి పెట్రోలు నిండా పోశాక బండి 215 కిలోలు, గరిష్ఠం 405 అనుకుందాం. అంటే అది మోయగలిగింది 190. నీకు జాకెట్, బూట్లు, హెల్మెట్ కలిపి 90 వేసుకో, మరదలికి 70. మిగిలింది 30 కిలోలు. మూడు అల్యూమినియం పెట్టెలు, వాటిని తగిలించే ఫ్రేములు కలిపి ఖాళీగానే 16 కిలోల దాకా ఉంటాయి. క్రాష్ గార్డు 6, సెంటర్ స్టాండు 4. ఇక బట్టలకీ, పనిముట్లకీ, నీళ్లకీ కలిపి 4 కిలోలు మిగులుతాయి తమ్ముడూ. పెట్టెల్లో అంత చోటు ఉంటే ఎవరూ ఖాళీగా వదిలెయ్యరు, ఎలాగోలా నింపుతాం, బండి హద్దు దాటుతుంది. నీ బండి అంకెలు వేరుగా ఉండొచ్చు, కానీ లెక్క మాత్రం ఇదే, కొనేముందు నీ అంకెలతో వేసి చూడు.

నేను ఆ లెక్క వేయకుండానే కొన్నాను. మొదటి ప్రయాణంలో, వెనక పెట్టెలో బరువంతా కుక్కి, ఖాళీ రోడ్డు మీద వేగం పెంచేసరికి హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ ఊగడం మొదలైంది, పట్టు బిగించినకొద్దీ ఎక్కువైంది. థ్రాటిల్, అంటే యాక్సిలరేటర్, మెల్లగా వదిలితే సర్దుకుంది గానీ ఆ పది సెకన్లు ఇప్పటికీ గుర్తున్నాయి. వెనక ఇరుసుకి వెనక, అంత ఎత్తులో బరువు పెడితే ముందు చక్రం తేలికైపోతుంది. అందుకే చాలా కంపెనీలు వెనక పెట్టెకి ఐదు నుంచి పది కిలోల హద్దే పెడతాయి, పెట్టెలు ఉన్నప్పుడు వేగానికి కూడా హద్దు రాస్తాయి. తర్వాత నేను స్ప్రింగు మార్చాను, టైర్లు మార్చాను, చివరికి ఆ పెట్టెలు అమ్మేసి గుడ్డ సంచులకి వచ్చాను. వాటి బరువు ఐదు కిలోలు కూడా ఉండదు, పడితే కాలు నలగదు, రేపు బండి మార్చినా కొత్తదాని మీద కట్టుకోవచ్చు. రోజూ రాత్రి బండి వీధిలో ఉంచాల్సి వస్తే, తాళం తప్పనిసరి అయితే, అప్పుడు పెట్టెలు కొను, అవీ రెండు చాలు.

ఖర్చు తడిసి మోపెడయ్యేది సరిగ్గా ఇలాగే. కౌపీన సంరక్షణార్థం అని మనవాళ్లు చెప్పే కథ ఉంది కదా, గోచీని ఎలకలు కొరుకుతున్నాయని పిల్లి, పిల్లికి పాల కోసం ఆవు. బండి సామాన్లు అంతకన్నా జోరుగా ఒకదాన్నొకటి పిలుస్తాయి. నీ కాగితంలో రైజర్ల పక్కన రాసుకున్న ధర రెండు చిన్న లోహపు ముక్కలది. హ్యాండిల్ పైకి లేచాక క్లచ్ కేబుల్ చాలకపోవచ్చు, బ్రేక్ గొట్టం చాలకపోవచ్చు, గొట్టం మారిస్తే బ్రేక్ ఆయిల్ కొత్తది పోసి గాలి తీయాలి, వీటన్నిటికీ మెకానిక్ కూలి. నా బండికి ఒకచోట రైజర్లు వేయించాను, ఎవరూ ఏమీ చెప్పలేదు. పెట్రోలు పోయించుకుని బయటికి వస్తూ హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పగానే, థ్రాటిల్ మీద నా చెయ్యి కదలకుండానే ఇంజిన్ గర్రుమని లేచింది. కేబుల్ సాగి బిగుసుకుపోయింది. క్లచ్ నొక్కి ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎదురుగా ఉన్న కారుని గుద్దేవాణ్ని. హ్యాండిల్ దగ్గర ఏ పని చేయించినా సరే, అక్కడి నుంచి కదిలేముందు ఇంజిన్ ఆన్‌లో పెట్టి, న్యూట్రల్‌లో, హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి చూసుకో.

అసలు నీ వేళ్ల తిమ్మిరికి రైజర్లు కావాలో లేదో ముందు తేలాలి. ఎడమ చెయ్యి బాగానే ఉండి కుడి చెయ్యే తిమ్మిరెక్కుతోందంటే అనుమానించాల్సింది థ్రాటిల్‌ని గట్టిగా పట్టుకునే అలవాటుని. హ్యాండిల్ బోల్టులు కాస్త వదులు చేసి దాన్ని నీవైపు కొద్దిగా తిప్పుకోవచ్చు, బ్రేక్, క్లచ్ లీవర్లని నీ ముంజేతికి తిన్నగా వచ్చేలా దించుకోవచ్చు, తర్వాత బోల్టులు మాన్యువల్‌లో రాసిన బిగువుకే బిగించాలి. చాలామంది మణికట్టు వంచి లీవర్ అందుకుంటూ వందల కిలోమీటర్లు తోలేస్తారు. ఇది చేసి ఒక రోజు తిరిగి చూడు. ఇంకా ఉంటే మెత్తటి గ్రిప్పులు. అవీ పనిచేయకపోతే అప్పుడు రైజర్ల మాట. బండి దిగాక కూడా తిమ్మిరి గంటలకొద్దీ పోకపోతే ఆ డబ్బు డాక్టరుకి ఇవ్వు.

హోరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. హైవే వేగంలో హెల్మెట్ లోపల గాలి శబ్దం 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది. పని చేసే చోట 85 డెసిబెల్స్‌ని ఎనిమిది గంటలకి మించి వినకూడదని ఉద్యోగుల ఆరోగ్యం, భద్రత మీద పరిశోధన చేసే అమెరికాలోని నియోష్ సంస్థ చెబుతుంది, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర అది పావుగంట. నువ్వు వింటున్నది రోజంతా! పోయిన వినికిడి మళ్లీ రాదు. చెవుల్లో పెట్టుకునే మెత్తటి నురుగు ప్లగ్గులు, నీ జాబితాలో లేని వస్తువు, అన్నిటికన్నా చవక, సరిగ్గా నులిమి లోపలికి పెడితే 20 డెసిబెల్స్‌కి పైగా తగ్గిస్తాయి. నీ రూల్స్ ఒప్పుకుంటాయో లేదో మాత్రం చూసుకో, కొన్నిచోట్ల ఇయర్ ప్లగ్గులతో బండి నడపడం మీద నిబంధనలున్నాయి.

విండ్‌స్క్రీన్ కొనేముందు ఖాళీ రోడ్డు మీద చిన్న పరీక్ష చెయ్యి. ఫుట్‌రెస్టుల మీద కాస్త లేచి చూడు, తర్వాత కాస్త వంగి చూడు. లేచినప్పుడు హోరు తగ్గితే నీకు కావాల్సింది ఇంకా పొట్టి స్క్రీన్, వంగినప్పుడు తగ్గితే పొడుగుది. స్క్రీన్ పై అంచు నుంచి సుడులు తిరిగే గాలి సరిగ్గా హెల్మెట్‌కి తగిలితేనే ఆ దిమ్ము. పొడుగు స్క్రీన్ కొని, సుడి ఇంకా ఎక్కువై, దాని మీద మరో చిన్న ముక్క తగిలించుకున్నవాళ్లని చూశాను, రెండు ఖర్చులూ దండగే. చాలా బండ్లకి స్క్రీన్ తీయడం నాలుగు బోల్టుల పని, తీసేసి ఒక పూట తిరిగినా నీకు చాలా తెలుస్తుంది.

ఇక్కడ ఒక పాత ముచ్చట. 1974లో హోండా గోల్డ్‌వింగ్‌ని చూపించినప్పుడు దానికి గాలి అడ్డూ లేదు, పెట్టెలూ లేవు. కొన్నవాళ్లు అమెరికా డిజైనర్ క్రెయిగ్ వెటర్ తయారుచేసిన విండ్‌జామర్ లాంటి ఫెయిరింగులూ (ముందు నుంచి గాలిని ఆపే తొడుగులు) పెట్టెలూ విడిగా కొని బిగించుకున్నారు. 1980లో కంపెనీయే అవన్నీ బిగించి ఇంటర్‌స్టేట్ అనే మోడల్ తెచ్చింది. ఆ రోజుల్లో టూరింగ్ చేయాలంటే బండిని మార్చుకోక తప్పేది కాదు. నువ్వు కొన్నది అలా కాదు, దూరాల కోసమే లెక్కలు వేసి తయారుచేసిన బండి, ఆ లెక్కలకి ధర కూడా కట్టావు. కంపెనీకి తెలియనిది నీ ఒళ్లూ, మీ ఇద్దరి బరువూ మాత్రమే. మార్పులు కూడా అక్కడే కావాలి.

అందుకే సీటు మీద ఖర్చు పెట్టమంటాను. మంటకి కారణం సాధారణంగా సీటు గట్టిగా ఉండటం కాదు, మెత్తటి నురుగు గంటలో అణిగిపోయి ఎముకలు అడుగు పలకని తాకడం, పైగా ముందుకి వాలుగా ఉండే సీటు నిన్ను ట్యాంకు మీదికి జార్చడం. షాపులో ఐదు నిమిషాలు కూర్చుంటే హాయిగా ఉండే సీటు చాలాసార్లు రోడ్డు మీద అన్నిటికన్నా పాడుగా ఉంటుంది. కొత్త సీటు కొనకుండా ఉన్నదాన్నే మంచి పనివాడి దగ్గర విప్పించి, గట్టి నురుగు వేసి వెడల్పు చేయించుకోవచ్చు. వెళ్లేటప్పుడు మరదల్ని తప్పకుండా తీసుకెళ్లు, వెనక భాగం తన కొలతకే చేయించు. నిజానికి ఆ కాగితం తనకి చూపించడానికి టెన్షన్ పడుతున్నావు గానీ, గుంతల్లో ఎక్కువ దెబ్బలు తిన్నది తనే, వెనక చక్రం దాదాపు తన కిందే ఉంటుంది. ముందు తనని అడుగు, ఎక్కడ నొప్పి, ఎన్ని కిలోమీటర్లకి, ఏం మారితే బాగుంటుందని. ఆ జవాబులతో కాగితం మళ్లీ రాస్తే లెక్క చూపించడానికి భయమేముంటుంది?

స్పాట్ లైట్లు నిజంగా కావాలంటే సరే, కానీ వాట్ల లెక్క చూడు. ఒక్కోటి 40 వాట్లయితే రెండు కలిపి 80, దాన్ని 12 వోల్టులతో భాగిస్తే దాదాపు 6.7 ఆంపియర్లు. రిలే (లైట్ల కరెంటుని విడిగా నడిపే స్విచ్చు), బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకుండా వేయించుకోవద్దు, బండి అసలు వైర్లు కోయనివ్వద్దు. మాన్యువల్‌లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వాట్లు సాధారణంగా ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పటివి, ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు అంత రాదు. క్రాష్ గార్డు తీసుకో, బండి నిలబడ్డచోట ఒరిగినా ఖరీదైన భాగాలు కాపాడుతుంది, సెకండ్ హ్యాండ్‌లో దొరికినా పర్లేదు, కాకపోతే ఒకసారి పడి వంగింది కాకుండా చూసుకో. సెంటర్ స్టాండు నీ బండికి చైను ఉంటే పనికొస్తుంది, చైనుకి బదులు ఇనుప కడ్డీతో చక్రం తిప్పే షాఫ్ట్ అయితే వదిలెయ్యి.

డబ్బు విషయంలో రెండు మాటలు. ఈ సామాన్లకి పెట్టింది బండి అమ్మేటప్పుడు తిరిగి రాదు, కాబట్టి విప్పిన ఒరిజినల్ భాగాలు, చివరి బోల్టుతో సహా, ఒక డబ్బాలో పెట్టి ఉంచు, అమ్మేముందు అవి బిగించి, కొన్నవి విడిగా అమ్ముకోవచ్చు. ఏది మార్చినా ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి చెప్పు, క్లెయిమ్ రోజున వాళ్లు కనిపెట్టేదాకా ఆగొద్దు. మొత్తం డబ్బు సామాన్ల మీదే పెట్టేస్తే అసలు బండికి ఏం మిగులుతుందో కూడా చూడు. బరువు మోసే బండి వెనక టైరు పది వేల కిలోమీటర్లకి అటూ ఇటూగా అయిపోతుంది, బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకి మార్చాలి, చైను సెట్టు, బ్రేక్ ప్యాడ్లు ఎలాగూ ఉంటాయి. అరిగిన టైరు మీద కొత్త పెట్టెలు వేసుకుని వెళ్లేవాళ్లని చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. టైరు డబ్బు ముందు పక్కన పెట్టు. లోను తీరేదాకా సామాను అప్పు మీద కొనొద్దు.

ఈ వారం ఖర్చు పెట్టాల్సింది ఒక కొలత టేపుకీ, ఒక జత చెవి ప్లగ్గులకీ. మూడు కొలతలు తీసి, ప్రీలోడ్ ఎన్ని క్లిక్కుల మీద ఉందో, అవి తిప్పాక ఎంత మారిందో రాసి పంపు. మరదలు ఏం చెప్పిందో కూడా రాయి. స్ప్రింగు మార్చాలో, ఉన్నది చాలో ఆ అంకెలు చూసి చెబుతాను.